అడవి కాపరి శ్రీనివాస్ – గోపీనాథం నేర్పిన పాఠం

నేరము చేసి పారిపోయినవాడు అడవిలో తలదాచుకొనుట, అడవిని కాచేవాడు వేటగాళ్ళకు ఎదురు నిలుచుట – ఈ ఇతివృత్తంతో దేశదేశాల్లో నవలలు, చలనచిత్రాలు వచ్చినవి. అమెరికా రచయిత జేమ్స్ మెక్‌లాఫ్లిన్ 2018లో వెలువరించిన ‘బేర్‌స్కిన్’ అనే నవలలో, పరారీలో ఉన్న మనిషే ఒక అడవికి కాపలాదారుగా చేరి ఎలుగుబంట్ల వేటగాళ్ళను ఎదిరిస్తాడు. మన దక్షిణాదిలో నిజంగా జరిగిన కథ ఇంకొక విధమైనది. ఇందులో పరారీలో ఉన్నవాడు వేటగాడు. అతనికోసం అడవిలోకి నడచి వెళ్ళిన కాపరి గోదావరి ఒడ్డున పుట్టి కన్నడ నాడులో కొలువు చేసిన తెలుగువాడు. ఆయన పేరు పందిళ్ళపల్లి శ్రీనివాస్.

వీరప్పన్ పేరు తెలియని ఇల్లు చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం తాలూకాలలో ఉండదు. శ్రీనివాస్ పేరు తెలిసిన ఇళ్ళు మాత్రం తక్కువ. ఆయన ఎవరు, ఏమి చేసినారు, ఆయన ఎన్నుకున్న దారి నేటి సరిహద్దు పల్లెలకు ఎట్లు ఉపయోగపడును అనే విషయాలను క్రమముగా తెలుపుట ఈ వ్యాసం ఉద్దేశం.

గోపీనాథం ఎక్కడ ఉన్నది?

కర్ణాటకకు దక్షిణపు అంచున, తమిళనాడు ఎల్లకు ఆనుకొని, మలె మహదేశ్వర బెట్టకు, హొగెనకల్ జలపాతానికి దగ్గరగా ఉన్న అటవీ గ్రామం గోపీనాథం. ఆ రోజుల్లో అది మైసూరు జిల్లా కొళ్ళేగాల తాలూకాలో ఉండేది. 1997లో చామరాజనగర జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. చుట్టూ కావేరి లోయ, ఎండు అడవులు, రాతి కొండలు. ఊరివారిలో ఎక్కువమంది మాట్లాడేది తమిళం. ప్రభుత్వ కాగితాల భాష కన్నడం. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఒక భాషగా బ్రతుకుతున్న మన పల్లెలకు ఆ స్థితి కొత్త కాదు.

ఎల్ల దగ్గరి అడవికి ఒక గుణం ఉన్నది. నేరం చేసినవాడు ఒక రాష్ట్రంలో తరుమబడితే మరొక రాష్ట్రంలోకి జారుకోగలడు. ఒకవైపు పోలీసులకు తెలిసిన సంగతి మరొకవైపు పోలీసులకు చేరేసరికి రోజులు గడచిపోవును. వీరప్పన్ 1952 జనవరి 18న పుట్టినది ఈ గోపీనాథంలోనే. దాదాపు రెండు దశాబ్దాలు అతడు పట్టుబడకుండా తిరుగుటకు ఈ ఎల్లయే పెద్ద అండగా నిలిచినది.

దంతం, గంధం – వేట వెనుక ఉన్న బేరం

మన దేశపు ఏనుగులలో దంతాలు మగవాటికే ఉండును. ఆడ ఏనుగులకు బయటికి కనబడే పెద్ద దంతాలు ఉండవు. అందువల్ల దంతపు వేటగాడు కొట్టేది మగ ఏనుగునే. ఏళ్ళ తరబడి ఇట్లు సాగితే మందలో మగవి తరిగిపోయి, పుట్టుకలు తగ్గి, అడవి లోపలినుండే బలహీనపడును. 1970, 80 దశకాలలో దక్షిణ భారతపు అడవుల్లో జరిగినది ఇదే. 1986లో దేశంలో భారతీయ ఏనుగు దంతపు వ్యాపారాన్ని చట్టం నిషేధించినది. 1989లో అంతర్జాతీయ ఒప్పందం ద్వారా ప్రపంచ వ్యాపారానికి కూడ అడ్డుకట్ట పడినది.

దంతంతో పాటు శ్రీగంధం కూడ ఆ అడవుల్లో దొంగల పాలైనది. మైసూరు సీమలో శ్రీగంధపు చెట్టు టిప్పు సుల్తాను కాలంనుండి సర్కారు సొత్తు. రైతు పొలంలో మొలిచినా దానిపై రైతుకు హక్కు ఉండేది కాదు. ఎవరూ నాటరు, ఎవరూ కాపాడరు, దొంగ మాత్రం కొట్టుకొని పోవును. 2001లో కర్ణాటక అటవీ చట్టాన్ని సవరించి, సొంత భూమిలోని శ్రీగంధపు చెట్టుకు భూయజమానినే సొంతదారుగా చేసినారు. కొట్టుటకు, తరలించుటకు అటవీ శాఖ అనుమతి మాత్రం అవసరమే. ఈ మార్పు వచ్చేనాటికి అడవిలోని చెట్లలో పెద్ద భాగం పోయినది.

ఈ బేరంలో లాభం పంపకం గమనింపదగినది. చెట్టు కొట్టే కూలీకి, మోసే కూలీకి దినకూలి కంటె కొంచెం ఎక్కువ దక్కును. దళారికి పదింతలు, పట్టణపు వ్యాపారికి నూరింతలు. పట్టుబడినప్పుడు జైలుకు పోయేవాడు మాత్రం కూలీ.

పరారీలో వేటగాడు

1986లో వీరప్పన్ పట్టుబడినాడు. ఆ పట్టివేత వెనుక అటవీ అధికారిగా శ్రీనివాస్ కృషి ఉన్నది. అయితే బూదిపడగ అటవీ విడిదిలో నిర్బంధంలో ఉండగా వీరప్పన్ తప్పించుకొని పోయినాడు.  తన జాడ చెప్పినారన్న అనుమానంతో పల్లెవారిని, అడ్డు వచ్చిన అటవీ సిబ్బందిని, పోలీసులను చంపుచు వచ్చినాడు. 1990 ఏప్రిల్‌లో హొగెనకల్ సమీపంలో కర్ణాటక పోలీసు సిబ్బందిపై జరిగిన దాడి తరువాత, అతనిని పట్టుటకు ప్రభుత్వం ప్రత్యేక దళాన్ని ఏర్పరచినది. శ్రీనివాస్ కూడ ఆ పనికి నియుక్తులైనారు.

శ్రీనివాస్ ఎన్నుకున్న దారి

శ్రీనివాస్ 1954 సెప్టెంబర్ 12న రాజమహేంద్రవరంలో జన్మించినారు. 1979లో భారత అటవీ సేవకు ఎన్నికై కర్ణాటక రాష్ట్రానికి వచ్చినారు. డిప్యూటీ కన్సర్వేటర్ హోదా వరకు ఎదిగినారు. ఆ హోదా గల అధికారి పట్టణంలో కచేరీ నడుపుకొనుచు, క్రింది ఉద్యోగులను అడవికి పంపి కూర్చొనవచ్చును. ఆయన అట్లు చేయలేదు. గోపీనాథంలోనే బస పెట్టినారు.

వేటగాడు అడవిమీద ఆధారపడి బ్రతుకుచున్నట్లు కనిపించినా, నిజానికి ఊరిమీద ఆధారపడి బ్రతుకుచున్నాడని ఆయన గ్రహించినారు. బియ్యం, ఉప్పు, బీడీలు, కబురు – ఇవన్నీ ఊరినుండి వెళ్ళవలసినవే. ఊరివారు అతనికి ఇచ్చుటకు కారణాలు రెండు: ఒకటి భయం, రెండవది కూలి. కావున ఊరికి ధైర్యం, వేరొక జీవనోపాయం కలిగిస్తే వేటగాడి వేళ్ళు ఊడిపోవును. ఇది ఆయన నమ్మిన సూత్రం.

ఆ నమ్మకంతో ఆయన చేపట్టిన పనులు చిన్నవిగా కనిపించును. పల్లెలకు మందులు చేర్చే సంచార వైద్యశాల నడిపినారు. గోపీనాథంలో మారియమ్మ గుడి కట్టించినారు. ఊరివారి కష్టసుఖాలు విన్నారు. తుపాకి చేతబట్టి వచ్చే ఖాకీ దుస్తులనే చూచిన ఊరికి, మందుల పెట్టెతో వచ్చిన అధికారి వింతగా తోచినాడు. మెల్లగా నమ్మకం కుదిరినది. వీరప్పన్ ముఠాకు సాయపడినవారిలో పలువురు ఆయన మాట విని లొంగిపోయినారు. వారిలో వీరప్పన్ సొంత తమ్ముడు అర్జునన్ కూడ ఉన్నాడు.

ఈ పద్ధతిని అందరూ మెచ్చలేదు. దొంగల ఊరిని లాలించరాదు, బలంతో అణచవలెనన్న వాదం అప్పుడు కూడ బలంగానే ఉండెను. ఆ వాదమే నెగ్గిన తరువాత ఏమి జరిగినదో ముందు చూతము.

1991 నవంబర్ 10

వీరప్పన్ లొంగిపోవుటకు సిద్ధంగా ఉన్నాడనీ, అయితే శ్రీనివాస్ స్వయంగా, ఆయుధం లేకుండా రావలెననీ అర్జునన్ ద్వారా కబురు వచ్చినది. ఇన్నాళ్ళూ ఊరివారితో తాను చెప్పిన మాట ఒకటే: ఆయుధం విడిచి వచ్చినవారికి ప్రాణభయం లేదు. ఇప్పుడు తానే తుపాకితో వెళితే ఆ మాటకు విలువ ఉండదు. ఆయన నిరాయుధుడుగా, ఊరివారితో కలసి కాలినడకన అడవిలోకి బయలుదేరినారు.

ఆ కబురు వల. ఎరకెయం అనే చోట 1991 నవంబర్ 10న వీరప్పన్ ఆయనను కాల్చి చంపి, తల నరికినాడు. అప్పటికి శ్రీనివాస్ వయస్సు 37 ఏళ్ళు.

మరుసటి ఏడు 1992 గణతంత్ర దినోత్సవాన భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం కీర్తిచక్ర ప్రకటించినది. యుద్ధరంగం కాని చోట చూపిన ధైర్యానికి ఇచ్చే పతకాలలో అశోకచక్ర తరువాతిది కీర్తిచక్ర. అటవీ అధికారికి అటువంటి పతకం దక్కుట చాల అరుదు.

ఆయన నమ్మకమే ఆయనను బలిగొన్నదని అనువారు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎదుటివాని మాట నమ్మి, తగిన కట్టుదిట్టం లేకుండ వెళ్ళుట ప్రమాదమే. కాని ఆయన పద్ధతి విఫలమైనదనుట సరికాదు. ఊరు ఆయన పక్షాన చేరుచుండినందుననే వీరప్పన్ ఆయనను తుపాకి దళంకంటె పెద్ద ముప్పుగా ఎంచి ఉండవచ్చును. తనవారు ఒకరొకరే విడిపోవుచుండగా, వారిని విడదీసిన మనిషిని చంపుటకు అతడు పన్నాగం పన్నినాడు.

తరువాత జరిగినవి

శ్రీనివాస్ మరణం తరువాత ఆ అడవులలో మాట పోయి తుపాకి మిగిలినది. 1992 ఆగష్టులో మీణ్యం వద్ద పోలీసు సూపరింటెండెంట్ హరికృష్ణ, సబ్ ఇన్‌స్పెక్టర్ షకీల్ అహమ్మద్ పొంచి ఉన్న ముఠా దాడిలో మరణించినారు. 1993 ఏప్రిల్ 9న పాలార్ వద్ద మందుపాతర పేలి 22 మంది చనిపోయినారు. 2000 జులై 30న కన్నడ నటసార్వభౌముడు రాజ్‌కుమార్ అపహరణకు గురియై, 108 రోజుల తరువాత విడుదలైనారు. 2002లో అపహరింపబడిన మాజీ మంత్రి నాగప్ప శవమై దొరికినారు. చివరికి 2004 అక్టోబర్ 18న తమిళనాడు ప్రత్యేక దళం ధర్మపురి జిల్లా పాపారపట్టి వద్ద వీరప్పన్‌ను కాల్చి చంపినది.

ఈ పదమూడేళ్ళలో అడవి పల్లెలు రెండు వైపులా నలిగినవి. ఒకవైపు ముఠా, మరొకవైపు దళాలు. అమాయకులను పట్టి హింసించినారన్న ఫిర్యాదులపై జాతీయ మానవ హక్కుల కమిషన్ జస్టిస్ సదాశివ అధ్యక్షతన విచారణ జరిపించినది. 2007లో 89 మంది బాధితులకు మొత్తం 2 కోట్ల 80 లక్షల రూపాయల పరిహారం ఇవ్వవలెనని సిఫారసు చేసినది. వేటగాడు ఒక్కడే అయినా, అతని నీడ పడిన ప్రతి ఇంటికీ శిక్ష పడునని ఈ లెక్క తెలుపుచున్నది.

మన సరిహద్దు పల్లెలలో ఇదే కథ

చింతామణి ప్రాంతంలో గోపీనాథం వంటి దట్టమైన అడవులు లేవు. మనవి రాతి గుట్టలు, ముళ్ళ పొదలు, గోమాళాలు, చెరువు వెనుకటి బీళ్ళు. అయినను ఇక్కడ కూడ బేరగాళ్ళు ఉన్నారు. ముఖ్యముగా మూడు విషయాలు తెలిసికొనదగినవి.

మొదటిది నక్షత్ర తాబేలు. పెంకుపై పసుపు రంగు చుక్కల గీతలతో, వేరుశనగ చేలలో, పొదల క్రింద కనిపించే ఈ సాధుజీవిని పశువులు కాచే పిల్లలు ఎరుగుదురు. ఇంట్లో ఉంచితే ధనం కలుగునన్న మూఢనమ్మకం వల్ల, విదేశాలలో పెంపుడు జంతువుగా గిరాకీ ఉన్నందువల్ల దీనిని దొంగచాటుగా తరలించుచున్నారు. దేశంలోని ఒక్క వ్యాపార కేంద్రంనుండే ఏడాదికి కనీసం 55,000 తాబేళ్ళు పోవుచున్నవని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసినది. 2019లో అంతర్జాతీయ ఒప్పందం దీనిని అత్యున్నత రక్షణ గల మొదటి అనుబంధంలో చేర్చినది. పిల్లవాని చేతిలో పెట్టే కొద్దిపాటి రూకలకు వాడు చేసినది ఎంత పెద్ద నేరమో ఆ యింటివారికి తెలియకపోవచ్చును.

రెండవది ఎర్రచందనం. శేషాచలం, పాలకొండలు, లంకమల, నల్లమల ప్రాంతాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెద్దగా పెరగని చెట్టు ఇది. రాయలసీమ అడవులనుండి బెంగుళూరు వైపు వచ్చే దారులు కొన్ని మన సరిహద్దు తాలూకాల గుండా సాగును. చెట్లు కొట్టుటకు, దుంగలు మోయుటకు, వాహనం నడుపుటకు పేద యువకులను ఎరవేసి పిలుచుట జరుగుచున్నది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఆంధ్రప్రదేశ్ కార్యదళం జరిపిన కాల్పుల్లో తమిళనాడు పల్లెలనుండి వచ్చిన 20 మంది కూలీలు మరణించినారు. ఆ కాల్పులు న్యాయమా కాదా అన్న వివాదం ఎట్లున్నను, చనిపోయినవారు దుంగల వ్యాపారులు కారు, పేద కూలీలు.

మూడవది పంట కాపుదల పేరుతో జరిగే వేట. అడవిపందుల కోసం పెట్టే ఉచ్చులు, నాటుబాంబులు, చేను చుట్టూ లాగే కరెంటు తీగలు నెమళ్ళను, జింకలను, ఒక్కొక్కసారి మనుషులనే చంపుచున్నవి. పలమనేరు, కుప్పం ప్రాంతపు కౌండిన్య అభయారణ్యం వైపు, కోలారు జిల్లా ఎల్లలోను ఏనుగులు తిరుగాడుచున్నవి. రాత్రి నీరు కట్టుటకు పోయిన రైతు తన పొరుగువాని తీగకు బలియైతే ఆ పాపం తీర్చుట ఎవరి తరమూ కాదు.

చట్టం ఏమి చెప్పుచున్నది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చినది. 2022లో దానిని సవరించినారు, సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. పల్లెవాసులు తెలిసికొనవలసిన అంశాలు ఇవి:

– ఏనుగు, నెమలి, కృష్ణజింక వంటివి మొదటి షెడ్యూలులో ఉన్నవి. ఇంతకుముందు తక్కువ రక్షణ గల నాలుగవ షెడ్యూలులో ఉండిన నక్షత్ర తాబేలును సవరణ తరువాత మొదటి షెడ్యూలుకు చేర్చినారు.

– మొదటి షెడ్యూలులోని జంతువును వేటాడితే 3 ఏళ్ళకు తగ్గని, 7 ఏళ్ళకు మించని జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా.

– చంపుట మాత్రమే వేట కాదు. పట్టుట, ఉచ్చు పెట్టుట, విషం పెట్టుట, తరుముట కూడ వేటయే. అందుకు ప్రయత్నించుట సైతం నేరమే.

– నేరానికి వాడిన వాహనం, ఆయుధం, వల వంటివి జప్తు అగును. అద్దెకు ఇచ్చిన ఆటో, టెంపో యజమానులు దీనిని గుర్తుంచుకొనవలెను.

– తన ప్రాణాన్ని గాని, ఇతరుల ప్రాణాన్ని గాని కాపాడుకొనుటకు సద్బుద్ధితో జంతువును చంపవలసి వస్తే అది నేరం కాదని 11వ సెక్షను చెప్పుచున్నది. అయితే ఆ జంతువు కళేబరం ప్రభుత్వపు సొత్తు. వెంటనే అటవీ శాఖకు తెలుపవలెను.

పల్లెవాసులు చేయదగినవి

అడవిజంతువు వల్ల పంట నష్టమైతే, పశువు చనిపోతే, మనిషికి గాయమైతే ప్రభుత్వం పరిహారం ఇచ్చును. నష్టం జరిగిన చోటు చెరిగిపోకమునుపే ఫోటోలు తీయించి, పహణీ, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం నకళ్ళతో రేంజి ఫారెస్టు ఆఫీసులో అర్జీ ఇచ్చి, రసీదు తీసికొనవలెను. ఆలస్యం చేసినకొద్దీ రుజువు చేయుట కష్టమగును.

తాబేలు దొరికితే దానిని ఇంటికి తేరాదు, దూరంగా తీసికొనిపోయి వదలరాదు. దొరికిన చోటనే పొద క్రింద విడిచిపెట్టుట మేలు. ఎవరైనా కొనుటకు ఊరిలో తిరుగుచుంటే కర్ణాటక అటవీ శాఖ సహాయవాణి 1926కు గాని, 112కు గాని ఫోను చేయవచ్చును. సమాచారం ఇచ్చినవారి పేరు బయట పెట్టవద్దని స్పష్టముగా అడుగుట మంచిది.

ఊరి యువకుని ‘రెండు రోజుల పని, మంచి కూలి’ అని దూరపు అడవులకు పిలిచినవారెవరో ఇంటి పెద్దలు విచారింపవలెను. పనిచోటు పేరు చెప్పని మేస్త్రీ వెంట బిడ్డను పంపుట క్షేమం కాదు. ఈ ఒక్క జాగ్రత్త ఎన్నో ఇళ్ళను జైలు బాధనుండి, అంతకంటె ఘోరమైన కబురునుండి కాపాడును.

స్మృతి

1730లో రాజస్థానపు ఖేజడ్లీ గ్రామంలో చెట్లను కౌగలించుకొని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలర్పించినారు. ఆ స్మృతిలో సెప్టెంబర్ 11ను 2013 నుండి జాతీయ అటవీ అమరవీరుల దినంగా జరుపుచున్నారు. ఆ రోజున కర్ణాటక అటవీ శాఖ తలచుకొనే పేర్లలో శ్రీనివాస్‌ది ఒకటి. పెద్ద అధికారులే కాక, దినకూలిపై పనిచేసే వాచర్లు, గార్డులు ఎందరో ఆ జాబితాలో ఉన్నారు.

వీరప్పన్‌పై 2013లో ఎ.ఎం.ఆర్. రమేష్ ‘అట్టహాస’ అనే చిత్రం తీసినారు. 2016లో రాంగోపాల్ వర్మ ‘కిల్లింగ్ వీరప్పన్’ తీసినారు. 2023లో నాలుగు భాగాల డాక్యుమెంటరీ కూడ వచ్చినది. హంతకుని మీసాలు గోడపత్రికల మీదికి ఎక్కినవి. మందుల పెట్టెతో నడచిన మనిషికి అంత ప్రచారం దక్కలేదు.

గోపీనాథంలో మాత్రం ఆయన కట్టించిన మారియమ్మ గుడి నిలిచి ఉన్నది, ఊరివారు ఆయనను తలచుకొనుచున్నారు. వేటగాడు పుట్టిన ఊరిలోనే వేటను మాన్పించవచ్చునని నమ్మి, ఆ నమ్మకానికి ప్రాణమే వెలగా ఇచ్చిన తెలుగు బిడ్డ కథను మన ఇళ్ళలో పిల్లలకు చెప్పుకొనుట మన బాధ్యత. చేనుగట్టున చుక్కల తాబేలు కనిపించినప్పుడు ఆ పిల్లవాడు దానిని ముట్టకుండా నడచిపోతే, శ్రీనివాస్ మొదలుపెట్టిన పని మన పల్లెలో కూడ సాగుచున్నట్లే.